గాలి దారిని వచ్చు వ్యాధులు

గ్రామ పంచాయతీ సభ్యులకు మంచినీటిని గూర్చి క్రొత్తగా చెప్పవలసినది అంతగా లేదు. బావిలో బ్లీచింగు పొడి ఏల వేయవలెనో, నీళ్ళ ట్యాంకును ఏల కడిగించవలెనో, మురుగు కాలువ ప్రక్కన పోవు కుళాయి గొట్టము పగిలినచో ఎట్టి ముప్పు వాటిల్లునో ప్రతి సభ్యుడును ఎరుగును. ఒకరు పుక్కిలించి ఉమిసిన నీటిని వేరొకరు త్రాగుదురా? త్రాగరు. కాని తలుపులు మూసిన గదిలో పదిమంది గంటసేపు కూర్చున్నచో, ఒకరు విడిచిన గాలినే మరియొకరు పీల్చుచుందురు. ఈ సంగతి కంటికి కనుపింపదు గనుక మనస్సునకు పట్టదు. జలుబు, ఇన్‌ఫ్లుయెంజా, తట్టు, కోవిడ్ మున్నగు వైరసు వ్యాధులు మనుష్యుని నుండి మనుష్యునికి గాలి ద్వారా ఎట్లు సంక్రమించుననునది సామాన్య విషయము వలె తోచినను, దీనిపై శాస్త్రజ్ఞులలో నూరేండ్లకు పైగా వాదము సాగినది. ఆ వాదము తేలక ముందే 2020లో కోవిడ్ వచ్చి మీద పడినది.

ఆ సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో మన పల్లెలలో జరిగిన దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అనేక గ్రామములవారు ఊరి పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డము వేసికొనిరి. ట్రాక్టర్లపై పీపాలు పెట్టి వీధులన్నిటను హైపోక్లోరైటు ద్రావణమును పిచికారీ చేయించిరి. ఆనాటికి తెలిసినంతలో చేసిన పనిని నేడు నిందించుట న్యాయము కాదు. కాని ఆ సంవత్సరము మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బయలు ప్రదేశములలో అట్టి మందు చల్లుటవలన ప్రయోజనము లేదని ప్రకటించెను. మనుష్యుల పైన చల్లుట హానికరమని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అంతకు ముందే, ఏప్రిల్ నెలలో, హెచ్చరించియుండెను. ఎండ కాయుచు గాలి వీచుచు ఉండు వీధిలో వ్యాధి లేదు. అది మూసిన గదులలో ఉన్నది. డబ్బు ఖర్చయినది వీధి మీద. మరియొక పర్యాయము అట్టి ఆపద వచ్చినచో పంచాయతీ నిధి ఏ వైపునకు మళ్ళవలెనో ఇప్పుడే తెలిసికొనుట మంచిది.

గింజ, పొల్లు

కళ్ళములో ధాన్యము తూర్పారబట్టుట మనకు నిత్యానుభవము. చేట నుండి జారవిడిచినపుడు గట్టి గింజ కాళ్ళ దగ్గరనే రాలును. పొల్లు కొంత దూరము పోవును. దుమ్ము మాత్రము గాలిలో లేచి, ఎక్కడికి పోవునో చెప్పలేము. మనుష్యుని నోటినుండి, ముక్కునుండి వెలువడు తుంపరల తీరును ఇదియే.

దగ్గునపుడు, తుమ్మునపుడు పెద్ద తుంపరలు పడుట అందరును చూచుచుందురు. మాటలాడునపుడును, పాడునపుడును, తుదకు ఊరక ఊపిరి విడుచునపుడును అతి సూక్ష్మములైన కణములు వెలువడుచుండునని చాలమంది ఎరుగరు. శ్వాసనాళములలోను కంఠములోను ఉండు పల్చని తేమపొర గాలి తాకిడికి చిట్లుటవలన ఇవి పుట్టును. కంఠధ్వని హెచ్చిన కొలది వీని సంఖ్యయు హెచ్చును. వీని పరిమాణమును మైక్రానులలో చెప్పుదురు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. కోవిడ్ వైరసు మైక్రానులో పదవ వంతు మాత్రమే. కాని వైరసు ఒంటరిగా గాలిలో తిరుగదు. తుంపర అను బండి నెక్కియే బయలుదేరును. కనుక చూడవలసినది బండి బరువు.

100 మైక్రానుల తుంపర మనుష్యుని నోటి ఎత్తు నుండి, అనగా ఒకటిన్నర మీటరు నుండి, సుమారు 5 సెకండ్లలో నేలపై పడును. ఇది గట్టి గింజ. 5 మైక్రానుల కణము కదలని గాలిలో అదే ఎత్తు నుండి దిగుటకు అరగంటకు పైగా పట్టును. ఒక మైక్రాను కణమునకు 12 గంటలు కావలెను. గదిలోని గాలియో ఎన్నడును కదలక ఉండదు. మన దేహపు వేడికే చుట్టునున్న గాలి పైకి లేచుచుండును. కావున సూక్ష్మకణములు దిగుచు, మరల లేచుచు, పొగ వలె గది యంతయు వ్యాపించును. పెంకుల సందునుండి ఎండ లోనికి పడినపుడు ఆ వెలుగులో ఆడు రజమును చూచియే మన పూర్వులు దానికి త్రసరేణువని పేరిడిరి. వెలుగు పడని చోట కూడ ఆ రజము ఉన్నదని మనకు తెలియును గదా.

మరియొక విశేషము కలదు. నోటినుండి వచ్చిన చిన్న తుంపర గాలి తగిలిన వెంటనే ఆరిపోవ నారంభించును. సముద్ర తీరమందలి ఉప్పు మళ్ళలో నీరు ఆవిరియై ఉప్పు మిగిలినట్లు, తుంపరలోని నీరు పోయి ఉప్పు, జిగురు పదార్థములు, వానిలో చిక్కుకొనిన వైరసు మిగులును. తుంపర కుంచించుకొని మరింత తేలిక యగును. నేల రాలవలసినది కూడ ఒక్కొక్కపుడు ఈ విధముగా గాలిలోనే నిలిచిపోవును.

నూరేండ్ల వాదము

ఇంత తేటగా ఉన్న విషయమును వైద్యలోకము ఏల అంగీకరింపలేదు? దానికి కారణము లేకపోలేదు. పూర్వము ఐరోపా ఖండమున కలరా మొదలు సమస్త వ్యాధులును దుర్గంధపు గాలివలన కలుగునని నమ్మిరి. కలరా నీటి ద్వారా వచ్చునని, మలేరియా దోమ ద్వారా వచ్చునని రుజువైన పిమ్మట ఆ పాత నమ్మకము నవ్వులపాలైనది. 1897లో జర్మనీకి చెందిన కార్ల్ ఫ్లూగె నోటి తుంపరలలో సూక్ష్మజీవులు ఉండునని చూపెను. 1910లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగర ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ గొప్ప గ్రంథము వ్రాసి, వ్యాధులు ముఖ్యముగ స్పర్శవలన, దగ్గరినుండి పడు తుంపరలవలన వ్యాపించుననియు, గాలిని గూర్చిన భయము ప్రజలను చేతులు కడుగుకొనుట వంటి పనులనుండి మరలించుననియు వాదించెను. ఆయన ఉద్దేశము మంచిదే. కాని ఆ మాట వేదవాక్యమై కూర్చున్నది.

1934లో విలియం వెల్స్ అను శాస్త్రజ్ఞుడు, పైన చెప్పినట్లు ఆరిపోయిన తుంపరలు గాలిలో తేలుచుండునని లెక్కలతో నిరూపించెను. తరువాత 1956 నుండి ఆయనయు రిచర్డు రైలీ అను వైద్యుడును బాల్టిమోర్ నగరములో ఒక చక్కని పరీక్ష జరిపిరి. క్షయరోగులుండు ఒక చిన్న వార్డులోని గాలిని గొట్టముల ద్వారా మేడమీదికి పంపి, అచ్చట పంజరములలోని గినీ పందులచేత పీల్పించిరి. వానికిని రోగులకును గాలి తప్ప వేరు సంబంధము లేదు. అయినను వానిలో కొన్నిటికి క్షయ సోకినది. అదే గాలిని అతినీలలోహిత కిరణముల గుండా పంపి ఇచ్చిన రెండవ గుంపునకు సోకలేదు. క్షయ వైరసు వ్యాధి కాదు, బాక్టీరియా వ్యాధి. కాని గాలి మార్గమున్నదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేమి కావలెను?

అయినను పొరపాటొకటి జరిగినది. క్షయ క్రిమి ఊపిరితిత్తుల లోతునకు చేరవలెనన్నచో దానిని మోయు కణము 5 మైక్రానులకు లోపుగ ఉండవలెను. ఈ 5 అను అంకె కాలక్రమమున తన చోటు తప్పి, “5 మైక్రానులకు మించిన తుంపర లన్నియు ఒకటి రెండు మీటర్లలో నేల రాలును” అను సూత్రముగా పాఠ్యగ్రంథములలో ప్రవేశించినది. వెల్స్ చెప్పిన హద్దు 100 మైక్రానులు. అమెరికాకు చెందిన లిన్సీ మార్ మున్నగు పరిశోధకులు పాత పుస్తకములను తిరుగవేసి ఈ తికమకను 2021లో బయటపెట్టిరి. ఒక అంకె చోటు మారుటవలన ఎంతటి అనర్థమో!

2020 మార్చి 28వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించునది కాదని ప్రకటించెను. ఆ జూలైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ అను వారు 239 మంది శాస్త్రజ్ఞుల సమ్మతితో దానిని ఖండించుచు లేఖ ప్రకటించిరి. ఆ సంస్థ మెల్లమెల్లగా తన మాటను మార్చుకొని, 2024 ఏప్రిల్‌లో నిపుణులతో కూడి ప్రకటించిన నివేదికలో, పెద్దవి చిన్నవి అను పాత గీతను చెరిపివైచి, వ్యాధికణములు గాలి ద్వారా దగ్గరకును దూరమునకును వ్యాపింపగలవని అంగీకరించెను. మన కేంద్ర ప్రభుత్వపు ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయము 2021 మే నెలలోనే, పెద్ద తుంపరలు రెండు మీటర్ల లోపల పడుననియు, సూక్ష్మకణములు పది మీటర్ల వరకు పోగలవనియు, కిటికీలు తెరచుటయు ముఖ్యమైన రక్షణ యనియు సలహాపత్రము వెలువరించినది. అది వాడుకలోనికి రావలసినంతగా రాలేదని ఒప్పుకొనక తప్పదు.

మూడు నిదర్శనములు

1977లో అమెరికాలోని అలాస్కాయందు ఒక విమానము యంత్రము చెడి కొన్ని గంటలు నేలపై నిలిచిపోయినది. లోపలి గాలి మార్పిడి యంత్రము ఆగియుండెను. ప్రయాణికులలో ఒకరికి ఇన్‌ఫ్లుయెంజా కలదు. మూడు దినములలో ప్రయాణికులలో నూటికి 72 మందికి వ్యాధి సోకినది.

2020 జనవరి 24వ తేదీన చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కిటికీలు లేని ఒక భోజనశాలలో మూడు కుటుంబములవారు ప్రక్కప్రక్క బల్లల వద్ద భోజనము చేసిరి. వారిలో ఒకరికి కోవిడ్ ఉన్నది. ఏర్ కండిషనర్ ఆ మూడు బల్లల మీదుగా ఉన్న గాలినే త్రిప్పుచుండెను. బయటి గాలి అంతంత మాత్రమే. పదిమందికి వ్యాధి కలిగినది. ఆ పదిమందియు ఆ మూడు బల్లలవారే. అదే అంతస్తులో భుజించిన ఇతరులకు గాని, వడ్డించినవారికి గాని సోకలేదు.

ఆ మార్చి 10వ తేదీన వాషింగ్టన్ రాష్ట్రములోని స్కాజిట్ ప్రాంతమున ఒక బృందగాన సంఘము రెండున్నర గంటలసేపు సాధన చేసినది. 61 మంది వచ్చిరి. చేతులకు మందు పూసికొనిరి, ఆలింగనములు మానిరి. ఒకరికి స్వల్పముగ జలుబు లక్షణములు ఉండెను. 53 మందికి కోవిడ్ వచ్చినది, లేక వచ్చినట్లు ఎంచబడినది. ఇద్దరు మరణించిరి. చేతులు శుభ్రముగ నుంచుకొనినవారిని గాలి ఎట్లు మోసగించెనో దీనివలన తెలియుచున్నది. మన ఊళ్ళలో ధనుర్మాసపు చలిలో తలుపులు దగ్గరగా వేసికొని తెల్లవారుజామున భజన చేయునపుడు ఈ ఉదాహరణము తలపునకు రావలెను. భజన మానవలసిన పని లేదు, తలుపులు తెరచిన చాలును.

దీనినిబట్టి దగ్గర దూరములకు భేదమే లేదని తలపరాదు. చుట్ట కాల్చువాని ప్రక్కన కూర్చున్నవానికి పొగ ఎక్కువ తగులును, గది మూలన ఉన్నవానికి కొంత తక్కువ. కాని తలుపులు మూసి గంట గడచినచో ఆ మూలకును పొగ కమ్మును. వ్యాధికణముల లెక్కయు ఇట్టిదే: ఎంత దగ్గర, ఎంతసేపు, ఎంత మూసిన చోటు అను మూడును కలసి ప్రమాదమును నిర్ణయించును. చేతుల ద్వారా సంక్రమించుటయు కొన్ని జలుబులలో కలదు. కావున సబ్బును విడువరాదు. తట్టు వీనిలో అన్నిటికంటె చురుకైనది. రోగి వెడలిపోయిన రెండు గంటల వరకు ఆ గది గాలిలో అది సజీవముగ నుండగలదు. రక్షణ లేనివారి నడుమ ఒక్క రోగి 12 నుండి 18 మందికి అంటింపగలడు. ఒంటిపై దద్దురు కనబడుటకు నాలుగు దినములు ముందుగనే అంటును. కోవిడ్, ఇన్‌ఫ్లుయెంజాలు సైతము లక్షణములు పైకి తేలక ముందే సోకును. దగ్గువారిని మాత్రమే దూరముంచినచో సరిపోదనుటకు ఇదియే హేతువు.

పంచాయతీ చేతిలోనున్న పని

అంగన్‌వాడీ గది ఒకటి తీసికొందము: పొడవు 20 అడుగులు, వెడల్పు 15, ఎత్తు 10. అందులో సుమారు 85 వేల లీటర్ల గాలి పట్టును. 30 మంది పిల్లలున్నారనుకొనుడు. తలకు సెకండునకు 10 లీటర్ల బయటి గాలి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. ఆ లెక్కను గదిలోని గాలి అంతయు సుమారు 5 నిమిషముల కొకసారి మారవలెను. పెద్ద మాటగా తోచవచ్చును గాని, ఎదురెదురు గోడలలో మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీలు రెండు తెరచియున్నచో మందమారుతమే ఆ పని నెరవేర్చును. ఒక్క వైపుననే కిటికీ ఉన్నచో, తలుపు తెరచినను, అంత ప్రయోజనము ఉండదు. గాలికి వచ్చు దారితో పాటు పోవు దారి కూడ కావలెను.

పెరూ దేశపు రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రులను పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితములు మనకు మిక్కిలి ఉపయోగకరములు. తలుపులు, కిటికీలు తెరచినపుడు గదిలోని గాలి గంటకు సుమారు 28 పర్యాయములు మారినది. ఖరీదైన యంత్రములు అమర్చిన గదులలో లెక్క ప్రకారము 12 పర్యాయములే. అందును, ఏబది యేండ్లకు పూర్వము ఎత్తైన కప్పులతో, పెద్ద కిటికీలతో కట్టిన పాత భవనములలో 40 పర్యాయములు, క్రొత్త కట్టడములలో 17 పర్యాయములు మాత్రమే మారినది. మన మండువా లోగిళ్ళను, గోడకును పెంకుల కప్పునకును నడుమ సందు విడిచిన పాత బడులను తలచుకొనుడు. తక్కువ ఎత్తు స్లాబు గదులు వానను ఆపును, గాలిని కూడ ఆపును. కట్టడము నమూనా పంచాయతీ ఎదుటికి వచ్చినపుడు కిటికీలు ఎన్ని, ఏ గోడలలో, అని అడుగు హక్కు సభ్యులకు కలదు. సిమెంటు పాళ్ళను గూర్చి అడుగువారు పెక్కుమంది. కిటికీని గూర్చి అడుగువారిని నా ఉద్యోగకాలములో వ్రేళ్ళ మీద లెక్కింపవచ్చును.

ఉన్న కిటికీల గతి వేరొకటి. బియ్యపు బస్తాలు, బీరువాలు అడ్డము పెట్టియుందురు. పిట్టలు వచ్చునని పై వెంటిలేటర్లకు అట్టలు కొట్టియుందురు. దోమల భయముచే సాయంకాలమునకే అన్నియు మూయుదురు. దోమల భయము నిజమైనది, దానిని త్రోసివేయలేము. కావున కిటికీలకు సన్నని వలను బిగించుటయే రెంటికిని మందు. వల గాలిని కొంత తగ్గించును గాని మూసిన రెక్క వలె ఆపదు. ఆ వలను మాసమునకొకసారి దులిపింపవలెను; దుమ్ము పట్టిన వల గోడతో సమానము. పంచాయతీకి ఇది వీధి పిచికారీ కంటె తక్కువ ఖర్చు, ఎన్నో ఏండ్లు నిలుచు ఖర్చు.

గది గాలి చాలినంత మారుచున్నదో లేదో తెలిసికొనుటకు బొగ్గుపులుసు వాయువును కొలుచు చిన్న పరికరములు దొరకుచున్నవి. బయటి గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్ళకు 420 పాళ్ళకు కొంచెము పైగా ఉండును; మనము విడుచు ఊపిరిలో సుమారు 40 వేల పాళ్ళు ఉండును. గదిలో 2,000 చూపినచో, పీల్చు ప్రతి 25 ఊపిరులలో ఒకటి అంతకు ముందే ఒకరి ఊపిరితిత్తులలోనికి పోయి వచ్చినదని గ్రహింపవలెను. ఒక్క పరికరమును బడి, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయము వరుసగా వాడుకొనవచ్చును. పిల్లలకు అది మంచి పాఠము కూడ.

గ్రామసభను నాలుగు గోడల నడుమ జరుపుట ఏల? రచ్చబండ, రావిచెట్టు నీడ మనకు ఉండనే ఉన్నవి. పదుగురు ఒక్కసారి కేకలు వేయు సభకంటె మైకు పెట్టి మెల్లగా మాటలాడు సభలో తుంపరలును తక్కువ, తగవులును తక్కువ. వ్యాధి ప్రబలినపుడు మూసిన బస్సులలో, ఆసుపత్రి వరండాలలో ముఖమునకు బిగువుగా అంటుకొను ఎన్-95 తొడుగు శ్రేష్ఠము. వైరసు గుడ్డ రంధ్రముకంటె చిన్నది గదా, తొడుగు ఏమి ఆపునని కొందరు ప్రశ్నింతురు. తొడుగు జల్లెడ కాదు, దట్టమైన ముళ్ళకంప వంటిది. వంకర టింకరగా పోవు సూక్ష్మకణము ఏదో ఒక పోగునకు తగిలి చిక్కుకొనును. ముక్కు క్రిందికి దించుకొనిన తొడుగు మాత్రము ఎవరిని కాపాడదు. తట్టునకు ఇవి ఏవియు చాలవు. తొమ్మిది నెలలు నిండిన పిమ్మట ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య రెండవది, రెండు టీకాలును ప్రతి బిడ్డకు పడినవో లేదో ఆశా కార్యకర్త పట్టికను చూచి సభ్యులు వాకబు చేయుచుండవలెను.

ఇంటిలో ఒకరికి జ్వరము, దగ్గు వచ్చినపుడు రోగి మంచమును ఇంటి నడుమ గాక, గాలి బయటికి పోవు వైపు కిటికీ దగ్గర వేయవలెను. కప్పునకు వ్రేలాడు పంకా గాలిని ఇంటిలోనే కలియత్రిప్పునే గాని బయటికి పంపదు. బల్లమీద పెట్టు పంకా ఉన్నచో దాని ముఖమును రోగి వైపునకు గాక, కిటికీ వైపునకు, వీధికి త్రిప్పి ఉంచవలెను. ఆ కిటికీ ప్రక్కనే పొరుగువారి వసారా ఉన్నచో వేరొక కిటికీని చూచుకొనవలెను.